మాగాయ జాడీ, వెయిట్ మిషన్

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు అమ్మాయి పొద్దున్నే తలుపు కొట్టింది. "అంకుల్, మీరు కెమిస్ట్రీ చెప్పేవారు కదా, ఇదేంటో చెప్పండి" అని ఫోన్‌లో రాసుకున్న లెక్క చూపించింది. పది రోజులుగా కేబీఆర్ పార్కులో నడక, సాయంత్రం జిమ్, అన్నం బంద్, రాత్రికి రెండు జొన్నరొట్టెలు. బరువు మాత్రం 71.4 నుంచి 72.6 కిలోలకు ఎక్కింది. కొవ్వంతా కండగా మారుతోందని జిమ్ కోచ్ అన్నాడట. వాళ్ళ అత్తగారు దిష్టి తీసి నిమ్మకాయ గేటు బయట పడేశారు. రెండింట్లో దిష్టే నయం, నష్టం ఒక్క నిమ్మకాయతో పోయింది. కొవ్వు ఎప్పటికీ కండగా మారదు. పది రోజుల్లో కిలో పైన కండ పెరగడం పహిల్వాన్లకే సాధ్యం కాదు.

పోనీ కొవ్వే పెరిగిందా? కిలో కొవ్వు చేరాలంటే దాదాపు 7,700 క్యాలరీలు మిగలాలి. 1.2 కిలోలకు 9,200 పైమాటే. అంటే ఒంటికి కావలసినదానికన్నా రోజుకు 900 ఎక్కువ తిని ఉండాలి. రెండు జొన్నరొట్టెలతో అది జరిగే పని కాదు.

"రొట్టెలోకి ఏం వేసుకుంటున్నావమ్మా?" అని అడిగాను.

"కూరలో నూనె ఎక్కువని మానేశా అంకుల్. కాస్త మాగాయ. నడిచొచ్చాక ఉప్పు మజ్జిగ, చెమట పడుతుంది కదా."

దొంగ దొరికాడు.

మాగాయ పెట్టడం చూసినవాళ్ళకు ఈ సంగతి సగం తెలిసినట్టే. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తే మూడోరోజుకు ఊట తేలుతుంది. ఆ నీళ్ళు ఎవరూ పోయలేదు, ముక్కలోవే. ఉప్పు బయట ఉండి వాటిని లాగింది. బళ్ళో ద్రవాభిసరణం అనే నోరు తిరగని పేరు పెట్టి, ఎండుద్రాక్షను నీళ్ళలో నానబెట్టి చూపిస్తాం. ఇంట్లో జాడీ ఉండగా ఆ ద్రాక్ష ఎందుకో నాకు ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా అర్థం కాలేదు.

ఒంట్లోనూ ఉప్పు ఎక్కువగా కణాల బయటే ఉంటుంది. కణం పొరలోని పంపు, కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేస్తూ మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. కాబట్టి తిన్న ఉప్పు కణాల చుట్టూ ఉన్న ఊటలో చేరుతుంది. ఇక్కడిదాకా జాడీయే. కానీ జాడీని కాటా మీద పెట్టి చూడండి, ఊట తేలాక కూడా బరువు మారదు. నీరు ముక్కలోంచి బయటికి వచ్చిందే తప్ప కొత్తగా చేరలేదు. మనిషి విషయంలో అలా కాదు. కణాల్లోంచి నీరు కాస్త కదలగానే మెదడు దాహం వేయిస్తుంది, మూత్రం తగ్గించమని మూత్రపిండాలకు హార్మోన్ పంపుతుంది. మన ఊటకు నీళ్ళు బిందెలోంచి వస్తాయి. బరువు పెరిగేది అక్కడ.

ఎంత? ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ గుర్తుందా, లీటరుకు 9 గ్రాముల ఉప్పు. ఒంట్లో ఊట గాఢత కూడా ఇంచుమించు అంతే. అదనంగా చెంచాడు, అంటే 5 గ్రాముల ఉప్పు నిలిచిందంటే అర లీటరు నీరు పైగా నిలిచినట్టే. మూత్రపిండాలు సర్దుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా రోజూ మాగాయ పడుతుంటే, ఆ పెరిగిన మట్టం దగ్గరే నిలబడిపోతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పు మించవద్దంటుంది. ఊరగాయలో పదోవంతు ఉప్పే.

మిగతావి చిల్లర ఖాతాలు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్ళ కండరాలు గ్లైకోజన్ అనే చక్కెర నిల్వను ఎక్కువ దాచుకుంటాయి, గ్రాముకు మూడు గ్రాముల నీటితో సహా. రక్తంలోని నీటిభాగం, అంటే ప్లాస్మా పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులున్న చోట కాస్త నీరు చేరుతుంది. నెలసరికి ముందు రోజులైతే అదొకటి. వీటన్నిటి చాటున కొవ్వు పావు కిలో కరిగినా కాటాకు కనపడదు. అయితే పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటున్నా, ఆయాసం వస్తున్నా ఈ లెక్కలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నాలుగు రోజులు మాగాయ, మజ్జిగలో ఉప్పు మానెయ్యమన్నాను. ఐదోరోజు పొద్దున ఫోన్ చేసింది. "అంకుల్, 71.1! డైట్ పనిచేసింది!"

"పోయింది చాలావరకు నీళ్ళేనమ్మా" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఫోన్ పెట్టేసింది.