సీబీ రేడియో: విశాఖలో తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం నా పని. సాయంత్రాలు 27 మెగాహెర్ట్జ్ మీద సీబీ, అంటే మామూలు జనం మాట్లాడుకోవడానికి వదిలిన సిటిజన్స్ బ్యాండ్, నా సరదా. చేతిలో సెట్టు చూసి పలకరించేవాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు: ఎన్ని వాట్లు, ఎంత దూరం పోతుంది, పోలీసోళ్లు పట్టుకోరా? ఎక్కడ నిలబడి మాట్లాడాలి అని అడిగినవాడు మాత్రం నాకింకా తగల్లేదు. సీబీలో సగం విద్య అక్కడే ఉంది.

అపోహ: లైసెన్సు లేకుండా వైర్‌లెస్ దగ్గర ఉంచుకోవడమే నేరం

సీబీకి ఆ భయం అక్కర్లేదు. 2005లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లు మించని సెట్టు వాడటానికి లైసెన్సు అవసరం లేదు. షరతులున్నాయి. మన వల్ల ఇంకొకరికి ఆటంకం రాకూడదు. మనకి ఆటంకం వస్తే మాత్రం రక్షణ అడగడానికి లేదు. ఈ రెండోదానికి కారణం ఉంది. ఇదే ముక్కని పరిశ్రమల్లో వేడి పుట్టించే రేడియో యంత్రాలకీ ఇచ్చారు. ప్లాస్టిక్ షీట్లు అతికించే మిషన్లు 27.12 దగ్గర నడుస్తాయి. పిల్లల రిమోట్ కార్లలో కొన్నీ ఇక్కడే తిరుగుతాయి. అందరం ఒకే అరుగు మీద కూర్చున్నాం, కాస్త సర్దుకోవాలి.

చిక్కంతా సెట్టుతోనే. అమెరికా లెక్కలో తయారైన సెట్టుకి 40 ఛానెళ్లుంటాయి. మొదటిది 26.965, ఇరవై ఏడోది 27.275. ఇంతవరకు మన హద్దులోనే ఉన్నాం. ఇరవై ఎనిమిదోది 27.285, అంటే గీత దాటేశాం. నలభయ్యోది 27.405. కాబట్టి నలభై ఛానెళ్ల సెట్టు చేతికొస్తే 28 నుంచి పైవాటి జోలికి పోవద్దు. ఇంకో తమాషా, ఆ అంకెలు వరసలో ఉండవు. 24, 25 ఛానెళ్లు 23 కన్నా కింద ఉంటాయి. ఒకప్పుడు 23 ఛానెళ్లే ఉండేవి. 1977లో నలభై చేసినప్పుడు 22కీ 23కీ మధ్య మిగిలిన ఖాళీలో ఆ రెంటినీ దూర్చారు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

లైసెన్సు అక్కర్లేదంటే ఏ సెట్టయినా కొనేయొచ్చని అర్థం కాదు. ఆ మోడల్‌కి డబ్ల్యూపీసీ, అంటే కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం, ఆమోదం ఉండాలి. ఆన్‌లైన్‌లో అడ్డగోలుగా అమ్ముతున్న వాకీటాకీల మీద 2025లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. నేనైతే బిల్లు, ఆమోదపత్రం కాపీ సంచిలో పెట్టుకునే తిరుగుతాను. మనది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. నేవీ గోడల పక్కన యాంటెన్నా పైకెత్తి నిలబడి, ఎవరైనా వచ్చి అడిగితే చట్టం చదవడం మొదలుపెట్టేవాడికి నా దగ్గర సానుభూతి లేదు. అక్కడ సెట్టు బయటకి తీయకపోతే సరిపోతుంది.

అపోహ: వాకీటాకీలన్నీ ఒకటే

కావు. లైసెన్సు లేకుండా వాడే చిన్న వాకీటాకీలు 446 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. చౌకగా దొరికే రెండు బ్యాండ్ల చైనా సెట్లు హామ్, అంటే పరీక్ష రాసి సరదాగా రేడియో నడిపే, లైసెన్సు ఉన్నవాళ్ల కోసం. బోట్లలోది మెరైన్ వీహెచ్ఎఫ్, సముద్రం మీద మాటలకి కేటాయించిన వేరే బ్యాండ్. ఇవేవీ సీబీ సెట్టుతో మాట్లాడవు. సీబీలో కూడా ఏఎం సెట్టు, ఎఫ్‌ఎం సెట్టు ఒకదాని మాట ఒకటి సరిగ్గా పట్టుకోవు. జత కొనేటప్పుడు రెండూ ఒకే రకం ఉండేలా చూసుకోండి.

అపోహ: ఆన్ చేస్తే చాలు, మాట్లాడేవాళ్లు దొరుకుతారు

అమెరికాలో 1970ల్లో పెట్రోలు కరువొచ్చినప్పుడు లారీ డ్రైవర్లు సీబీని ఆకాశానికెత్తారు. ఛానెల్ 19 వాళ్లదే. ఆ కథలు విని ఇక్కడ సెట్టు కొంటే నిరాశ తప్పదు. మన జాతీయ రహదారి మీద లారీలాయన దగ్గర సీబీ ఉండదు, ఫోనుంటుంది. విశాఖలో ఛానెళ్లు ఎక్కువసేపు ఖాళీగానే ఉంటాయి. రెండు సెట్లు కొని ఒకటి స్నేహితుడికో, బావమరిదికో అంటగట్టండి. నేను అలాగే మొదలుపెట్టించాను.

టెన్-ఫోర్, టెన్-ట్వెంటీ లాంటి సంకేతాలు నేర్చుకోవాలా అని కుర్రాళ్లు అడుగుతారు. సరదా ఉంటే నేర్చుకోండి. ‘వినబడిందా, ఓవర్’ అంటే పని జరిగిపోతుంది.

అపోహ: వాట్లు పెంచితే దూరం పెరుగుతుంది

దీని కోసం డబ్బు పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. లెక్క ఇలా ఉంటుంది. మీ వాట్లు నాలుగింతలు చేస్తే అవతలివాడి సెట్టులో సిగ్నల్ బలం చూపే మీటరు ముల్లు పైకి కదిలేది ఒక్క గీత. 5 వాట్లని 20 చేసినా అంతే. చట్టం దాటిన సంగతి అటుంచి, ఆ ఒక్క గీత కోసం యాంప్లిఫయరు కొనడం దండగ.

దూరాన్ని తేల్చేది ఎత్తు. రేడియో చూపు ఎంత దూరం ఆనుతుందో చెప్పే లెక్క చిన్నదే: ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఇసుకలో నిలబడి ఛాతీ ఎత్తులో సెట్టు పట్టుకున్నవాడికి అది సుమారు 5 కిలోమీటర్లు. అవతల ఇంకొకడు అలాగే ఉంటే ఇద్దరివీ కలిపి 10. మొదటివాడు వంద మీటర్ల గుట్ట ఎక్కాడనుకోండి, వాడి ఒక్కడి వాటాయే 41 అవుతుంది. చేతి సెట్టుకి అంత పూర్తిగా దక్కదు. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు. అందులో పావు వంతు యాంటెన్నా పెట్టాలన్నా 2.75 మీటర్లు కావాలి. చేతి సెట్టు మీదున్నది జానెడో, మూరెడో. మిగతాది లోపల చుట్టిన తీగతో సర్దుతారు, ఆ సర్దుబాటులో శక్తి చాలా పోతుంది. అయినా కైలాసగిరి మీద నుంచి మాట్లాడితే వచ్చే తేడా ఏ యాంప్లిఫయరూ ఇవ్వలేదు.

మన ఊరి నేల కూడా చూసుకోవాలి. మధురవాడకీ పెందుర్తికీ మధ్య సింహాచలం కొండలున్నాయి. రెండు వైపులా సెట్లు పెట్టి గంటలకొద్దీ పిలిచినా గరగరే. యారాడ బీచ్‌లో ఉన్నవాడికి పాతనగరం పక్కనే ఉన్నట్టు లెక్క, కానీ మధ్యలో కొండ అడ్డం. అదే బీచ్ రోడ్డు మీద నుంచి రుషికొండ వైపు, వీలైతే భీమిలి వైపు ప్రయత్నించండి. ఉప్పునీటి మీద ఈ తరంగాలు నేల మీదకన్నా తేలిగ్గా పాకుతాయి. దూరం ఎక్కువైనా మాట తేటగా వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట ఊరి మ్యాపు తీసుకుని కొండలు గుర్తుపెట్టమని చెప్తాను, సెట్టు సంగతి తర్వాత.

అపోహ: గరగరమంటోందంటే సెట్టు పాడైనట్టే

రిపేరుకని నా దగ్గరకొచ్చే సీబీ సెట్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. జబ్బు ఇంట్లో ఉంటుంది. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. సెట్టుని బ్యాటరీ మీద నడపండి. ఖాళీ ఛానెల్ పెట్టి స్క్వెల్చ్, అంటే మాట లేనప్పుడు గరగరని నొక్కిపెట్టే మీట, పూర్తిగా తెరవండి. మీటరు చూడండి. మా ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో రాత్రి ఎనిమిదింటికి ముల్లు ఆరు దాటి వణుకుతూ ఉంటుంది. ఇప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయండి. ఫ్యాను ఆగేలోపే ముల్లు రెండుకి జారుతుంది. ఆ మిగిలిన రెండు గీతలు పక్క ఫ్లాట్లవి, వాటికి మనం చేయగలిగింది లేదు.

తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ పోండి. ముల్లు ఎక్కడ ఎగిరిందో ఆ గదిలో దొంగ ఉన్నాడు. మా ఇంట్లో దొరికింది హాల్లోని ఎల్‌ఈడీ ట్యూబు. లోపలి డ్రైవర్ సర్క్యూటు కరెంటుని సెకనుకి వేలసార్లు కోస్తూ అతుకుతూ ఉంటుంది, ఆ చప్పుడంతా వైరు పట్టుకుని గాల్లోకి వెళ్తుంది. పేరులేని కంపెనీ మొబైల్ చార్జర్లు, వైఫై పెట్టె అడాప్టర్లు, ఇన్వర్టర్లు కూడా ఇదే జాతి. ట్యూబు మార్చేయడం ఒక మార్గం. అడాప్టర్ వైరుని ఫెర్రైట్ రింగులో, అంటే ఇలాంటి గోలని ఆపే నల్లటి గట్టి రింగులో, ఐదారు చుట్లు చుట్టడం ఇంకో మార్గం. పూర్తిగా పోదు గానీ, వినబడని స్నేహితుడు వినబడతాడు.

సముద్రం ఒడ్డున ఇంకో రకం గోల ఉంది, లోపలి ఊళ్లవాళ్లకి ఇది అంతగా తెలీదు. గాలికి కొట్టుకొచ్చిన ఉప్పు కరెంటు స్తంభాల పింగాణీల మీద పేరుకుంటుంది. మంచు పడ్డ ఉదయాన ఆ ఉప్పు తడిసి కరెంటు కాస్త కాస్త కారుతుంటే సెట్టులో చిటపట వినిపిస్తుంది. ఒక్క గట్టి వాన పడితే పింగాణీలు కడిగేసినట్టై కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. అదే ఉప్పు మన కనెక్టర్లనీ వదలదు. స్క్రూ విప్పి చూడండి, రాగి మీద పచ్చటి చిలుము కనిపిస్తే గీకి, శుభ్రం చేసి, మీద రబ్బరు టేపు సాగదీసి చుట్టండి.

అపోహ: వేటకెళ్లే బోటుకి సీబీ చాలు

ఇది సరదా విషయం కాదు కాబట్టి సూటిగా చెప్తాను. ఒక బోటు డ్రైవరు అడిగాడు:

“ఏటన్నా, లైసెన్సు అక్కర్లేదంటున్నావు, బోటుకి ఇదే కట్టేద్దుమా?”

“కట్టు. ఆపదొస్తే ఎవర్ని పిలుస్తావు?”

“కోస్ట్ గార్డునే.”

“వాళ్లు ఈ బ్యాండ్ మీద చెవి పెట్టరు తమ్ముడూ.”

సముద్రంలో పిలుపు మెరైన్ వీహెచ్ఎఫ్ ఛానెల్ 16 మీద, అంటే 156.8 మెగాహెర్ట్జ్ మీద వెళ్లాలి. ఓడలూ తీరమూ వినేది దాన్నే. ఒడ్డునున్నవాళ్లు ఫోను చేయాల్సిన కోస్ట్ గార్డ్ నంబరు 1554. సీబీ ఛానెల్ 9 అత్యవసరాలకని అమెరికా సెట్ల పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ మాట ఇక్కడ నమ్ముకోవద్దు. మన దగ్గర దాన్ని కాపలా కాసేవాళ్లు లేరు.

అపోహ: రష్యా వినబడిందంటే సెట్టు గొప్పది

గొప్పతనం సూర్యుడిది. పైన వాతావరణంలో అయాన్ల పొరలు బాగా రాజుకున్న రోజున 27 మెగాహెర్ట్జ్ తరంగం పైకెళ్లి వంగి వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. సూర్యుడి మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి ఎక్కువవుతాయి. ఇప్పటి చక్రం శిఖర దశకి చేరిందని 2024 అక్టోబరులో నాసా ప్రకటించింది. అలాంటి ఏళ్లలో పగటిపూట ఛానెల్ 15, అంటే 27.135 పెట్టి వినండి. అది రష్యా లారీ డ్రైవర్ల ఛానెల్. అదృష్టం బాగుంటే హఠాత్తుగా పక్కింట్లోంచి మాట్లాడినట్టు ఒక గొంతు లేస్తుంది, కాసేపు ఉండి కరిగిపోతుంది. సాయంత్రం చీకటి పడ్డాక పొర పలచబడి ఆ దారి మూసుకుపోతుంది. చక్రం దిగువకి పోయిన ఏళ్లలో నెలల తరబడి ఏమీ వినబడకపోవచ్చు. అప్పుడూ సెట్టు బాగానే ఉన్నట్టు.

అపోహ: మన మాటలు ఎవరూ వినరు

ఈ ఛానెల్ పెట్టుకున్న ప్రతివాడూ వింటాడు. ఇంటి తాళం ఎక్కడ పెట్టారో గాల్లో చెప్పకండి.

అపోహ: తుఫానొస్తే సీబీ ఉంటే చాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఊడ్చేశాక సెల్ టవర్లు మూగబోయాయి. అప్పుడు సమాచారం మోయడానికి హామ్ ఆపరేటర్లు వచ్చారు. వాళ్లు పరీక్ష రాసి, ప్రభుత్వం ఇచ్చిన పిలుపుగుర్తుతో, ఎక్కువ శక్తితో అనేక బ్యాండ్ల మీద పనిచేస్తారు. మనలా జత సెట్లతో ఆడుకునేవాళ్లు కాదు. సీబీ మీద మోజు ముదిరితే ఆ దారి పట్టండి. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. వాళ్ల 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మనకి పొరుగే, ఇక్కడ నేర్చిన ఎత్తు లెక్కా గోల వేటా అక్కడా పనికొస్తాయి.

అయితే రెండు వీధుల అవతలున్న చెల్లెలి క్షేమం తెలుసుకోవడానికి మాత్రం సీబీ నిజంగా పనికొస్తుంది, ముందే మాట్లాడుకుని ఉంటే. ఏ ఛానెలో రాసి రెండు సెట్ల వెనకా అంటించండి. రోజంతా ఆన్‌లో ఉంచితే బ్యాటరీ చస్తుంది కాబట్టి, ప్రతి గంటకీ మొదటి ఐదు నిమిషాలు ఆన్ చేయాలని ఇద్దరూ ఒప్పుకోండి. ఆ ఒప్పందాన్ని వాతావరణం బాగున్న ఒక ఆదివారం ఇద్దరూ ఎవరి మేడ మీద వాళ్లు నిలబడి పరీక్షించండి. మేడ మీద వినబడి గదిలో వినబడకపోతే, తుఫాను రోజున ఏ కిటికీ దగ్గర నిలబడాలో అప్పుడే వెతికి పెట్టుకోండి.