హెరేరో స్త్రీల గౌను ఎవరిది?

ఆఫ్రికాలోని నమీబియాలో మే 28 వచ్చిందంటే, అక్కడి హెరేరో జాతి స్త్రీల ఫొటోలు దేశదేశాలకు చేరుతాయి. నేలను తాకే నిండు గౌను, భుజాల దగ్గర ఉబ్బిన చేతులు, తల మీద రెండు పక్కలకూ కొమ్ముల్లా సాగిన తలపాగా. ఫొటోలతో పాటు ఆ ప్రశ్న కూడా మళ్లీ లేస్తుంది: తమ నేలను ఏలి, తమ జాతిని తుడిచిపెట్టబోయిన జర్మన్ల కాలపు బట్టలు వీళ్లు ఇంకా ఎందుకు కట్టుకుంటున్నారు? 2025లో ఆ తేదీని ప్రభుత్వం తొలిసారిగా జాతిహనన స్మారక దినంగా జరిపింది. దాంతో ప్రశ్న మరింత పదునెక్కింది.

జర్మన్లతో జరిగిన వాటర్‌బర్గ్ యుద్ధం, 1904 అక్టోబరు 2న జర్మన్ సేనాని జనరల్ ఫాన్ ట్రోథా హెరేరోల మీద ఇచ్చిన నిర్మూలన ఉత్తర్వు, ఒమాహెకె ఎడారిలో దాహంతో రాలిపోయిన కుటుంబాలు, ఇవన్నీ చాలాసార్లు రాసినవే. సుమారు 80 వేల మంది ఉన్న జాతిలో చివరికి మిగిలింది 15 వేలకు అటూ ఇటూ అని చరిత్రకారుల అంచనా. అయితే గౌను సంగతి తెలియాలంటే యుద్ధం ముగిశాక గడిచిన పదిహేనేళ్లను చూడాలి.

1907లో జర్మన్ పాలకులు కొత్త నిబంధనలు తెచ్చారు. ఏడేళ్లు దాటిన ప్రతి ఆఫ్రికన్ అంకె కొట్టిన లోహపు బిళ్లను ఒంటి మీద ధరించి తిరగాలి. గవర్నర్ అనుమతి లేనిదే భూమి ఉండకూడదు, పశువులు ఉండకూడదు. హెరేరోలకు ఆవు అంటే ఆస్తి ఒక్కటే కాదు. పెళ్లికీ చావుకీ పూర్వీకుల పూజకీ అన్నిటికీ ఆవే కావాలి. అలాంటి జాతిని మందల నుంచి వేరు చేసి, ఒకప్పుడు తమదైన నేల మీదే తెల్లవారి పొలాల్లో కూలికి పెట్టారు. మనిషికి పేరు పోయి అంకె మిగిలిన రోజులు అవి.

1915లో జర్మన్లు ఓడి దక్షిణాఫ్రికా పాలన వచ్చాక హెరేరోలు మెల్లగా మళ్లీ పశువులను కూడబెట్టుకున్నారు. ఇక 1923. యుద్ధంలో వారిని నడిపించిన నాయకుడు శామ్యూల్ మహరేరో బెచువానాలాండ్ (ఇప్పటి బోట్స్వానా) ప్రవాసంలోనే మార్చిలో కన్నుమూశాడు. ఆగస్టులో ఆయన భౌతికకాయాన్ని నమీబియాలోని ఒకహాండ్జా పట్టణానికి తెచ్చి పూర్వీకుల పక్కన సమాధి చేశారు. ఎక్కడెక్కడో పొలాల్లో, పట్టణాల్లో చెదిరిపోయిన జనం అక్కడికి వచ్చారు. మగవాళ్లు జర్మన్ సైన్యం తరహా యూనిఫారాలు వేసుకుని, హోదాలు పెట్టుకుని, వరుసలు కట్టి కవాతు చేశారు. ఆడవాళ్లు నిండు గౌన్లలో నిలబడ్డారు. యుద్ధం తరువాత ఆ జాతి అంతమందిగా ఒకచోట చేరి, ఒకరినొకరు చూసుకున్నది ఆ రోజునే. నా దృష్టిలో ఆ గౌను హెరేరోలదైంది కూడా ఆ రోజునే.

అంతకుముందు అది ఎక్కడి నుంచి వచ్చిందంటే, జర్మన్ క్రైస్తవ మిషన్ల నుంచి. 1844లో కార్ల్ హ్యూగో హాన్ అనే మిషనరీ హెరేరోల మధ్య స్థిరపడ్డాడు. మిషన్లలో స్త్రీలకు కుట్టుపని నేర్పారు, ఒళ్లు కప్పుకొమ్మన్నారు. తోలు దుస్తులు, మూడు చెవులతో లేచి ఉండే తోలు కిరీటం పక్కకు పోయాయి. ఈ దుస్తులు రుద్దినవని అనేవారి వాదనకు ఆధారం ఇదే. వారి బంధుజాతి హింబా స్త్రీలు ఇప్పటికీ తోలు కట్టులోనే ఉన్నారు కదా అని కూడా వాళ్లు గుర్తు చేస్తారు. నిజమే. కానీ ఆ వాదన 1840ల దగ్గరే ఆగిపోతుంది.

ఆగకుండా ముందుకు వస్తే 1955 ఉంది. ఆ ఏడాది హెరేరోలు మిషన్ చర్చితో తెగతెంపులు చేసుకుని ఒరువానో అనే సొంత చర్చి పెట్టుకున్నారు. చర్చిని వదిలారు, గౌనును వదల్లేదు. ఎడారి దాటి బతికి బయటపడి బోట్స్వానాలో స్థిరపడిన వారి సంతతి కూడా ఇదే గౌను తొడుగుతుంది. బలవంతం చేసేవాళ్లు ఎవరూ లేనిచోట కూడా అది నిలిచిందంటే అరువు బట్ట అని ఎలా అంటాం?

దగ్గరగా చూస్తే జర్మన్ల బట్టలతో పోలిక మరింత దూరమవుతుంది. ఒక్కో గౌనుకు పది మీటర్ల దాకా గుడ్డ పడుతుంది, అంటే మన చీరలు రెండింటికి దగ్గర దగ్గర. లోపల ఒకదాని మీద ఒకటిగా లంగాలు. ఆ బరువుతో నడక దానంతట అదే నెమ్మదిస్తుంది. బాగా మేసిన ఆవు నడకలా ఉండాలనే వాళ్ల కోరిక కూడా. తలపాగాను ఒట్జికైవా అంటారు. పాత ఫొటోల్లో అది తల చుట్టూ చుట్టిన గుడ్డ మాత్రమే. రెండు కొమ్ములుగా సాగింది తరువాతి కాలంలో. కొమ్ములు వంగిపోకుండా లోపల చుట్టిన వార్తాపత్రికలు పెట్టేవారూ ఉన్నారు. ఏ జర్మన్ స్త్రీ తల మీదా ఇలాంటిది లేదు. పశువులను లాక్కున్నవారి గౌను మీద ఆవు కొమ్ములను నిలబెట్టింది హెరేరో స్త్రీలే.

రంగులకూ లెక్క ఉంది. ఎరుపు ఒకహాండ్జాలోని మహరేరో వంశానిది, తెలుపు ఒమరూరు పట్టణం వారిది, ఆకుపచ్చ తూర్పున ఉన్న హెరేరో శాఖ ఎంబాండెరులది. ఏటా ఎవరి రోజున వాళ్లు ఆ రంగుతో తమ పెద్దల సమాధుల దగ్గరకు వెళతారు.

ఇప్పటి తగవు అసలు గౌను గురించి కాదనే చెప్పాలి. 2021లో జర్మనీ, నమీబియా ప్రభుత్వాలు ఒక ఉమ్మడి ప్రకటన సిద్ధం చేశాయి. 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామని జర్మనీ ఒప్పుకుంది, జాతిహననం అన్న మాట కూడా వాడింది. చట్టపరమైన నష్టపరిహారం అన్న మాటను మాత్రం దగ్గరకు రానివ్వలేదు. చర్చల్లో తమకు చోటు లేదని హెరేరో నాయకుల్లోనూ, ఆ జాతిహననానికే గురైన మరో జాతి నామాల నాయకుల్లోనూ చాలామంది దాన్ని తిరస్కరించారు. ఆ సెప్టెంబరులో రాజధాని విండ్‌హుక్‌లో నిరసనకారులు పార్లమెంటు ఆవరణలోకి దూసుకువెళ్లారు. స్మారక దినం మీదా అదే అసంతృప్తి. మే 28 అంటే 1907లో నిర్బంధ శిబిరాలు మూసేయమని జర్మన్లు ఆదేశించిన రోజు. చంపమన్న ఉత్తర్వు రోజు, అక్టోబరు 2, తమకు కావాలని వారిలో పలువురు అడిగారు. డబ్బు లెక్క రెండు ప్రభుత్వాలు తేల్చాయి, తేదీ ప్రభుత్వం ఖాయం చేసింది. ఈ సందులో గౌను మీద ప్రశ్న వేసేవాళ్లు, తెలిసో తెలియకో, ఆ స్త్రీలు స్వయంగా తీసుకున్న ఒక్క నిర్ణయాన్ని కూడా వాళ్లది కాదంటున్నారు.

ఆగస్టులో ఒకహాండ్జాలో మళ్లీ ఎర్ర వరుసలు కనిపిస్తాయి. ముందు యూనిఫారాల్లో మగవాళ్లు, వెనుక దుమ్ములో అంచులు ఈడ్చుకుంటూ ఎర్ర గౌన్లు. సమాధుల దగ్గర వరుస నెమ్మదిస్తుంది. ఒక్కొక్కరూ వంగి మహరేరో సమాధి రాయిని చేత్తో తాకి ముందుకు కదులుతారు.