బూడిదను పట్టే బలం: కూలుంబ్ త్రాసు నుంచి ఇబ్రహీంపట్నం దాకా

ఎండలు ముదిరాయంటే ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు బూడిద గొడవ మొదలవుతుంది. డాబా మీద ఆరేసిన బట్టలు, మంచినీళ్ల డ్రమ్ములు, రోడ్డు పక్క టిఫిన్ బండి, అన్నిటి మీదా సన్నటి పొడి. పక్కనే థర్మల్ స్టేషన్. కాగితాల మీద డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, జనం నోట మాత్రం ఇప్పటికీ వీటీపీఎస్సే (విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్). ‘పొగగొట్టాలకు మిషన్లు బిగించామంటారు, మరి ఈ బూడిద ఎక్కడిది?’ అన్న ప్రశ్న ఈ గొడవ రేగినప్పుడల్లా వస్తుంది. మిషన్లు ఉన్న మాట నిజం. అవి నడిచేది విద్యుత్ ఆవేశాల మధ్య ఆకర్షణ, వికర్షణ బలం ఎంతో చెప్పే కూలుంబ్ సూత్రం మీద. అక్కడికి పదహారు కిలోమీటర్ల దూరంలో, విజయవాడ కాలేజీ హాస్టళ్లలో ఇంటర్ సెకండియర్ పిల్లలు తొమ్మిది ఇంటూ పది టు ది పవర్ తొమ్మిది అంటూ బట్టీ పట్టే సూత్రమే అది. ఆ బలం ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిస్తే పై ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

రుద్దిన అంబరు గడ్డిపరకల్ని లాగుతుందని గ్రీకులకు రెండున్నర వేల ఏళ్ల కిందటే తెలుసు. ఆవేశాలు రెండు రకాలని, ఒకే రకానివి వికర్షించుకుంటాయని 1733లో ఫ్రాన్స్‌లో డ్యుఫే తేల్చాడు. ఎంత దూరంలో ఎంత బలం ఉంటుందన్న లెక్క మాత్రం చాలాకాలం ఎవరికీ చిక్కలేదు. ఆవేశమిచ్చిన లోహపు పాత్ర లోపల వేలాడదీసిన బెండు ముక్క ఎటూ కదలడం లేదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ గమనించాడు. బోలు గోళం లోపల గురుత్వాకర్షణా దేన్నీ ఎటూ లాగదు, అలాగైతే ఈ బలం కూడా గురుత్వాకర్షణలాగే దూరం వర్గానికి విలోమంగా తగ్గుతూ ఉండాలని 1767లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఊహించాడు. మరికొన్నేళ్లకు హెన్రీ కావెండిష్ ఒకదాని లోపల ఒకటి ఉన్న రెండు గోళాలతో ఆ ఊహను చాలా కచ్చితంగా రుజువు చేశాడు, చేసి పుస్తకాల అరలో పడేశాడు. మాక్స్‌వెల్ ఆ కాగితాలను అచ్చు వేయించేనాటికి 1879 వచ్చింది. ఈలోగా పేరు కూలుంబ్‌కు దక్కింది. నన్నడిగితే అందులో అన్యాయమేమీ లేదు, కొలిచి పదిమందికీ చూపించింది ఆయనే.

చార్లెస్ అగస్టిన్ కూలుంబ్ ఫ్రెంచి సైన్యంలో ఇంజినీరు. మార్టినిక్ దీవిలో కోట కట్టించే పనిలో ఎనిమిదేళ్లు గడిపి, ఆరోగ్యం పాడుచేసుకుని తిరిగొచ్చాడు. సన్నని తీగను మెలితిప్పితే అది ఎంత బలంతో ఎదురు తిరుగుతుందో ఆయనకు బాగా తెలుసు. 1785లో చేసిన త్రాసులో ఉన్నదంతా అదే విద్య. గాజు పాత్రలో వెంట్రుకంత సన్నని వెండి తీగ, దానికి అడ్డంగా వేలాడే పుల్ల, పుల్ల చివర బెండు బంతి. పక్కన కదలకుండా బిగించిన మరో బంతి. రెండింటికీ ఒకే ఆవేశం ఇవ్వగానే వేలాడే బంతి 36 డిగ్రీలు దూరం జరిగి ఆగింది, తీగలో మెలీ అంతే. తీగ పైకొసనున్న పిడిని తిప్పి దాన్ని 18 డిగ్రీలకు, అంటే సగం దూరానికి తీసుకురావడానికి తీగలో మొత్తం మెలి 144 డిగ్రీలు అయింది, మొదటిదానికి సరిగ్గా నాలుగు రెట్లు. ఇంకా దగ్గరికి, ఎనిమిదిన్నర డిగ్రీలకు తెస్తే మెలి 575న్నరకు చేరింది, దాదాపు పదహారు రెట్లు. దూరం సగమైతే బలం నాలుగింతలు. చరిత్రకెక్కిన ఆ విలోమ వర్గ నియమానికి ఆయన అచ్చు వేసిన సాక్ష్యం ఈ మూడు కొలతలే. ఆకర్షణను ఈ త్రాసుతో కొలవడం కష్టమైంది, బంతులు ఒకదానికొకటి వెళ్లి అతుక్కునేవి. అందుకు వేరే పద్ధతి వెతుక్కున్నాడు.

ఈ బలంతో పొగను పట్టవచ్చన్న ఆలోచన 1824 నాటిది. లీప్‌జిగ్‌లో హోల్‌ఫెల్డ్ అనే లెక్కల మాస్టారు గాజు సీసాలో పొగ నింపి, ఆవేశమిచ్చిన తీగతో దాన్ని తేటపరిచి చూపించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1885లో ఆలివర్ లాడ్జ్ వేల్స్‌లోని ఓ సీసం కార్ఖానాలో పెద్ద ఎత్తున ప్రయత్నించి దెబ్బతిన్నాడు. ఆనాటి యంత్రాలు పుట్టించే విద్యుత్ ఆ పొగకు ఏ మూలకూ చాలలేదు. పైగా సీసం పొడి విద్యుత్తును సులువుగా పోనివ్వదు. ఈ రెండో ఇబ్బంది మన బొగ్గుతోనూ ఉంది.

దారి దొరికింది కాలిఫోర్నియాలో. కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఫ్రెడరిక్ కాట్రెల్ 1907 ప్రాంతంలో ఆమ్లపు పొగను పట్టే ప్రయోగాలు చేస్తుండగా, నూలు చుట్టిన తీగ నూగు కొసల దగ్గర చీకట్లో ఊదారంగు వెలుగు కనబడింది. మొనదేలిన కొసల నుంచి ఆవేశం గాలిలోకి చక్కగా కారుతోందన్నమాట. సెల్బీ సీసం కార్ఖానా పొగ మీద చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెక్కిన రోజులవి, ఆయన పరికరం అక్కడా పనికొచ్చింది. ఇలాంటివి పట్టాలెక్కేది ఎక్కువగా జనం ఊరుకోనప్పుడే. 1923లో డెట్రాయిట్ దగ్గరి ట్రెంటన్ ఛానెల్ కేంద్రంతో బొగ్గు బూడిదకూ ఈ పద్ధతి మొదలైంది.

ఇవాళ ఏ థర్మల్ కేంద్రంలోనైనా బాయిలర్‌కూ చిమ్నీకీ మధ్య కనిపించే భారీ ఇనుప గదులే ఈఎస్‌పీలు, అంటే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు. లోపల అడుగు, అడుగుంబావు ఎడంలో వరసగా నిలువెత్తు రేకులు, వాటి మధ్య మొనలున్న తీగలు. తీగలకు యాభై వేల వోల్టుల చుట్టూ రుణ డీసీ (ఒకే దిశలో పారే విద్యుత్) ఇస్తారు. మొనల దగ్గర పుట్టిన ఎలక్ట్రాన్లు గాలి అణువులకు, వాటి ద్వారా బూడిద రేణువులకు అంటుకుంటాయి. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు మీద వేల సంఖ్యలో ఎలక్ట్రాన్లు చేరతాయి. అప్పుడు దాన్ని రేకు వైపు లాగే బలం దాని బరువుకు కొన్ని పదుల రెట్లుంటుంది. రేణువులు వెళ్లి రేకులకు పట్టుకుంటాయి. సుత్తులు ఉండుండి రేకుల మీద కొడితే, దుప్పటి దులిపినట్టు, బూడిద పెళ్లలుగా కింది హాపర్లలో, అంటే గరాటు తొట్లలో రాలుతుంది.

చిక్కు మన బొగ్గులో ఉంది. సింగరేణి, తాల్చేరు బొగ్గులో బూడిదే ముప్పై అయిదు, నలభై శాతం దాకా ఉంటుంది, గంధకం బాగా తక్కువ. గంధకం తక్కువంటే మంచిదేగా అనిపిస్తుంది, ఈఎస్‌పీకి మాత్రం అది చెడ్డ వార్త. బూడిద మీద ఆమ్లపు తేమ పొర ఏర్పడక విద్యుత్ నిరోధం పెరిగిపోతుంది. రేకుకు అంటిన పొరలో ఆవేశం ఇరుక్కుపోయి వెనక్కి చిమ్ముతుంది, పట్టిన బూడిద మళ్లీ గాలిలోకి లేస్తుంది. లాడ్జ్‌ను ఓడించిన జబ్బుల్లో ఒకటి ఇదే. అందుకే ఇక్కడి ఈఎస్‌పీలు అంత పెద్దవిగా కట్టాలి.

లెక్క వేసి చూద్దాం. 210 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడ్‌లో గంటకు సుమారు 150 టన్నుల బొగ్గు మండిస్తుంది. 40 శాతం బూడిదైతే 60 టన్నులు, అందులో పొగతో ఎగిరేది 48 టన్నుల దాకా. 99 శాతం పట్టుకున్నా గంటకు 480 కిలోలు చిమ్నీ దాటతాయి, 99.9 శాతం పడితే 48 కిలోలు. ఆ చివరి తేడా కోసం రేకుల విస్తీర్ణం ఇంకో సగం పెంచాలి. పరీక్షలో 99 మార్కులంటే గొప్పే, ఇక్కడ ఫెయిలు కిందే లెక్క.

వీటీపీఎస్ మొదటి రెండు యూనిట్లు 1979-80లో మొదలయ్యేనాటికి దేశంలో వాయు కాలుష్య చట్టమే లేదు, అది 1981లో వచ్చింది. తర్వాత 1989-90లో రెండు, 1994-95లో రెండు (ఈ ఆరూ 210 మెగావాట్లవే), 2009లో 500 మెగావాట్లది, 2023లో 800 మెగావాట్లది చేరాయి. చాలాకాలం 210 మెగావాట్లు, ఆ పైన ఉన్న యూనిట్లకు పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాముల ధూళి. 2015 డిసెంబరు 7 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ యూనిట్ వయసును బట్టి పరిమితి మార్చింది. అందుకే ఒకే ప్రహరీ లోపల మూడు కొలబద్దలు: పాత ఆరింటికి 100, ఏడో దానికి 50, ఎనిమిదో దానికి 30. పక్కింటివాడి ఊపిరితిత్తులు ఏ యూనిట్ పొగో చూసి పీల్చవు, నియమం మాత్రం అలా రాసుంది.

ఇక డాబా మీది బూడిద. ఈఎస్‌పీ నుంచి జారిపోయేవాటిలో సన్నవే ఎక్కువ. ముఖ్యంగా మైక్రాన్‌లో పదో వంతు నుంచి ఒక మైక్రాన్ దాకా ఉన్నవాటికి ఆవేశం సరిగా ఎక్కదు. ఒక మైక్రాన్ రేణువు నిశ్చలమైన గాలిలో గంటకు జానెడు దిగుతుంది. ఎత్తయిన చిమ్నీ నుంచి వెళ్లినది ఎక్కడో దూరంగా తేలుతుంది. అది ఊపిరికి చేటు, కంటికి కనబడదు. వేలితో గీస్తే గీత పడేంత బూడిద దాదాపు ఎప్పుడూ ముతకది, దగ్గర్లో నేల మీంచి లేచినదే. ఈఎస్‌పీ ఫీల్డులు (రేకుల గదుల్లో ఒక్కో భాగం) ట్రిప్పయిన, అంటే కరెంటు తెగి ఆగిపోయిన రోజుల మాట వేరు, అప్పుడు చిమ్నీ నుంచే నల్లగా దిగుతుంది. మామూలు రోజుల్లో మాత్రం బూడిద చెరువును, లారీలను అనుమానించాలి. హాపర్‌లోంచి బయటపడ్డాక బూడిదను పట్టి ఉంచే ఆవేశం ఏదీ ఉండదు. నీళ్లలో కలిపి చెరువుకు పంపుతారు, ఆ చెరువు ఎండితే వడగాలికి లేస్తుంది. పట్టా సరిగా కట్టని లారీ నుంచి రోడ్డంతా రాలుతుంది.

దీనికీ ఓ చరిత్ర ఉంది. 1999 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ బూడిదను ఇటుకలకు, సిమెంటుకు వాడాలంది, పదేళ్లు ఉచితంగా ఇవ్వమంది. 2021 డిసెంబరు 31 నాటిది ఇంకా గట్టిది: పుట్టిన బూడిదంతా వాడాలి, వాడకపోతే టన్నుకు వెయ్యి రూపాయలు కట్టాలి, కప్పిన వాహనాల్లోనే తరలించాలి, పాత చెరువుల్లో పేరుకున్నదాన్నీ పదేళ్లలో ఖాళీ చేయాలి. ఎనిమిది యూనిట్లూ పూర్తి లోడ్‌తో నడిస్తే, పై లెక్క ప్రకారమే గంటకు 500 టన్నుల పైచిలుకు ఫ్లై యాష్ (పొగతో ఎగిరే బూడిద) వస్తుంది. ఇరవై టన్నుల లారీలైతే రెండు మూడు నిమిషాలకొకటి నిండాలి, పగలూ రాత్రీ. ఇటుకల యూనిట్లకు, సిమెంటు కంపెనీలకు, హైవే పనులకు ఏ రోజుకారోజు అంత గిరాకీ ఉండదు, మిగిలిందంతా చెరువుకే పోతుంది.