మధ్య ముక్క ఎటు పోయింది?

పిల్లలూ,

మొన్న మా మనవరాలు సైకిల్ నట్టు కింది వాషర్ తీసి, "తాతయ్యా, దీనికి మధ్యలో చిల్లు పెట్టినప్పుడు ఆ ముక్క ఎటు పోయింది?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్నో! డైలు, అంటే రేకును కోసే ఉక్కు అచ్చులు, చేసేవాళ్లకు పెద్ద టెన్షన్ ఆ ముక్కతోనే.

రేకును డై మీద పెడితే, పైనుంచి పంచ్ అనే ఉక్కు కడ్డీ దిగి గుండ్రటి బిళ్ళను కోసి కింది రంధ్రంలోకి తోస్తుంది. బిళ్ళ కింద పడిపోవాలి. కానీ రేకుకు నూనె ఉంటుంది కదా, ఒక్కోసారి పంచ్‌కే అతుక్కుని పైకొచ్చేస్తుంది. అది రేకు మీద పడి, మళ్లీ దెబ్బ పడితే సరుకు సొట్టపోతుంది, పంచే విరగొచ్చు.

కడిగి ఒకదానిమీద ఒకటి పెట్టిన తడి స్టీలు ప్లేట్లు తీసి చూశారా? పైది ఎత్తితే కిందిదీ వస్తుంది. మధ్యలో నీటిపొర ఉంది, గాలి దూరే సందు లేదు. అంచున గోరు దూర్చి కాస్త ఎత్తండి, టప్‌మని విడిపోతాయి. పంచూ బిళ్ళా ఆ ప్లేట్లే, నీళ్ల బదులు నూనె. మరి గోరేదీ? పంచ్ లోపలే సన్నటి రంధ్రం తొలిచి ఒక పిన్ను, దాని వెనక స్ప్రింగు పెడతారు. పిన్ను కొస ఓ మిల్లీమీటరు బయటికి ఉంటుంది. పంచ్ రేకును నొక్కగానే లోపలికి ఒదుగుతుంది. కోత కాగానే స్ప్రింగు తన్నుతుంది, బిళ్ళ ఊడుతుంది. పెద్ద బిళ్ళయితే పిన్నును కాస్త పక్కకు పెట్టడమూ ఉంది, గోరు అంచున దూర్చినట్టే!

చిన్నప్పుడు మేము హైదరాబాదు బాలానగర్‌లో ఉండేవాళ్లం. డైల చదువు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1968లో వచ్చింది అక్కడే. నాన్నకు క్యారియర్ ఇవ్వడానికి రేకులు కోసే ప్రెస్ షాపుకు వెళ్లి, తుక్కులో బిళ్ళలు ఏరి జేబులు నింపుకునేవాణ్ణి. నిక్కరంతా నూనె మరకలు, ఇంట్లో అమ్మ తిట్లు. ఆ షాపులో ఒక మామయ్యకు రెండు వేళ్లు లేవు. ఇరుక్కున్న ముక్కను చేత్తో తీయబోయారట. పని తొందరని యంత్రంలో చెయ్యి పెట్టకూడదు నాయనా, ఎప్పుడూ. తర్వాత నేనూ డైల పనిలోకే వెళ్లాను. పిన్ను బిగించిన ప్రతిసారీ ఆయన చెయ్యే గుర్తొచ్చేది.

ప్లాస్టిక్ అచ్చుల్లోనూ పిన్నులుంటాయి. వేడి ప్లాస్టిక్ చల్లారి ముడుచుకుంటూ అచ్చును కరుచుకుంటుంది. పిన్నులు వెనకనుంచి తోస్తేనే వస్తువు ఊడుతుంది. అచ్చు మళ్లీ మూసుకునేలోగా వాటిని వెనక్కి లాగేందుకు చాలా అచ్చుల్లో స్ప్రింగులే పెడతారు.

మీ ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా మూత తిరగేయండి. లోపలివైపు పిన్నులు తోసిన చిన్న గుండ్రటి గుర్తులు కనిపిస్తాయేమో గోటితో తడిమి చూడండి. మూత అచ్చును ఎక్కడ గట్టిగా కరుచుకుని ఉంటుందో ఆ గుర్తులను బట్టి ఊహించి, నాకు రాయండి.

మీ తాతయ్య