పాత పటంలో తీరం జరిగి ఉంటే సముద్రం మింగినట్టేనా? అపోహలు - వాస్తవాలు

పాత నౌకాపటాలను స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రాలతో సరిచూడటం నా వృత్తి. "తెల్లవాళ్లు గీసిన పటంలో మా తీరం ఇంకా ఎంతో తూర్పున ఉంది, అంటే ఆ నేలంతా సముద్రంలో కలిసిపోయినట్టే కదా?" అని నెలకు ఒకరైనా ఫోన్ చేసి అడుగుతారు. ఉప్పాడ వంటి చోట్ల కోత నిజమే కనుక అడిగేవారి భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. పటంలోని తేడానే కోతకు రుజువుగా వాట్సాప్‌లో తిప్పేవారి మీద మాత్రం నాకు ఓపిక లేదు. ఆ మాటలు నమ్మి తీరం పక్కనున్న కొబ్బరితోటను అయినకాడికి అమ్ముకున్న ఒక పెద్దాయన, అంతా అయిపోయాక నా దగ్గరకు వచ్చారు.

ఆనాటి నావికులు అన్ని కొలతలనూ ఒకే కచ్చితత్వంతో తీశారనుకోవడమే ఇక్కడి అసలు అపోహ. మధ్యాహ్న సూర్యుడి ఎత్తు కొలిస్తే అక్షాంశం తెలిసిపోతుంది. రేఖాంశానికి మాత్రం బయలుదేరిన చోట అప్పుడు సమయమెంతో తెలియాలి. అందులో నాలుగు నిమిషాలు తప్పితే ఒక డిగ్రీ తప్పినట్టే. 1769-70లో బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ ఎండెవర్ ఓడలో న్యూజిలాండ్ చుట్టూ తిరిగి, సుమారు 3,900 కిలోమీటర్ల తీరాన్ని ఆరు నెలల్లో గీశాడు. ఓడ సాగుతుండగానే దిక్సూచితో సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక్కొక్క నేల కొమ్ము దిశను గుర్తించేవారు, తాడు వదిలి వేగం కొలిచేవారు, సీసపు గుండు అడుగున కొవ్వు పూసి దించి లోతుతో పాటు అడుగున ఇసుక ఉందో గవ్వలున్నాయో కూడా చూసేవారు. (మన మత్స్యకారులు బారల్లో లెక్కించే లోతే ఇది.) నమ్మదగిన గడియారం ఆ ఓడలో లేదు. చంద్రుడికీ సూర్యుడికీ లేదా ఒక నక్షత్రానికీ మధ్య కోణం కొలిచి రేఖాంశాన్ని లెక్కకట్టవలసి వచ్చేది; ఆ కోణంలో ఒక్క నిమిషం (ఇది కాలపు నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు) పొరపాటు జరిగితే రేఖాంశంలో దాదాపు అర డిగ్రీ తేడా వస్తుంది.

ఈ పనిలో చేరిన కొత్తలో నేను ఆ పటాన్ని ఉపగ్రహ చిత్రంపై పరిస్తే దక్షిణ ద్వీపం మొత్తం తూర్పుకు జరిగి కనిపించింది. స్కానింగ్‌లోనే తప్పుందనుకుని రెండు రోజులు వృథా చేశాను. తీరా చూస్తే, ఆ ద్వీపాన్ని రేఖాంశంలో 40 నిమిషాలు, అంటే 50 కిలోమీటర్లకు పైగా తూర్పున పెట్టానని రెండో యాత్రలో కుక్ స్వయంగా ఒప్పుకున్నాడు. అప్పటికి కెండల్ అనే గడియారాల పనివాడు తయారు చేసిన నమ్మదగిన గడియారం ఆయన వెంట ఉంది, ఖగోళజ్ఞుడు వేల్స్ ఒడ్డున దిగి చేసిన పరిశీలనలూ ఉన్నాయి. ఆ 50 కిలోమీటర్ల నేలను ఏ సముద్రమూ మింగలేదు.

మిగతా అపోహలకు ఇంత చర్చ అక్కర్లేదు. పటాల నిండా "ఇక్కడ డ్రాగన్లున్నాయి" అని రాసేవారన్నది కట్టుకథ. ఆ మాట 1510 ప్రాంతపు ఒక చిన్న రాగి గోళం మీద కనిపిస్తుంది గానీ పటాల్లో ఆనవాయితీ కాదు. తెలియనిచోట కల్పించి గీసేవారన్నదీ అందరికీ వర్తించదు. కుక్ బ్యాంక్స్ ద్వీపకల్పాన్ని ద్వీపంగా, స్టీవర్ట్ ద్వీపాన్ని ద్వీపకల్పంగా పొరబడ్డాడు గానీ, దగ్గరగా చూడలేని తీరాన్ని చుక్కల గీతతోనే వదిలాడు. అంతా యూరోపియన్ల ఘనతేనన్నదీ తప్పే. పసిఫిక్ సముద్రంలోని రైయాతేయా ద్వీపపు నావికుడు తుపాయా ఎండెవర్ ఓడలోనే ఉండి, తనకు తెలిసిన దీవుల పటం గీసి ఇచ్చాడు.

కోతకూ రేఖాంశ దోషానికీ తేడా కనిపెట్టడం కష్టం కాదు. కోత ఒకచోట తిని మరోచోట వదిలేస్తుంది, రేఖాంశ దోషమైతే తీరం రూపం చెడకుండా మొత్తం ఒకే వైపు జరిగి ఉంటుంది. పెద్దాయన తెచ్చిన పటంలో తోట పక్క తీరమే కాదు, దాని వెనకనున్న కొండలూ అంతే దూరం తూర్పుకు జరిగి ఉన్నాయని వేలు పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు ఆ కొండల వైపే చూసి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.