పాల్మైరా సమాధి శిల్పాల్లోని సంపన్న స్త్రీలు: అపోహలు - వాస్తవాలు

సిరియా ఎడారిలోని పాల్మైరా బిడారు వర్తకుల నగరం. క్రీ.శ. మొదటి మూడు శతాబ్దాల్లో అక్కడి ధనిక కుటుంబాలు తమ సమాధుల కోసం చెక్కించుకున్న ముఖశిల్పాలు నేడు వేల సంఖ్యలో తెలుసు. రాతి శిల్పాల పరిరక్షణ నా వృత్తి. వీటిలోని స్త్రీల గురించి నాకు తరచుగా వినిపించే మాటలు ఇవి.

అపోహ: శిల్పంలోని ముఖం చనిపోయిన స్త్రీ అసలు పోలికే.

వాస్తవం: పెద్ద కళ్లు, చిన్న నోరు, మేలిముసుగు అంచు పట్టుకున్న చేయి. ఒకే నమూనా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆమె ఎవరో చెప్పేది తల పక్కన అరమాయిక్ అనే అక్కడి ప్రాచీన భాషలో చెక్కిన శాసనం: ఆమె పేరు, తండ్రి పేరు, తరచుగా తాత పేరు కూడా, చాలాచోట్ల 'అయ్యో' అనే ఒక్క మాట. నన్నడిగితే ముఖం కన్నా ముందు ఆ వరుసలే చూడాలి.

అపోహ: ఇవి సమాధి మీద నిలబెట్టిన విగ్రహాలు.

వాస్తవం: కావు. ఎక్కువ భాగం సమాధి గోడలో శవాన్ని ఉంచిన గూటిని మూసిన సున్నపురాతి పలకలు.

అపోహ: ఇన్ని నగలున్నాయంటే ఆమెకు అలంకారం తప్ప వేరే పని లేదు.

వాస్తవం: ఇక్కడ కాస్త నిదానించాలి. తొలికాలపు శిల్పాల్లో చాలామంది స్త్రీల చేతిలో కదురు, ఉన్ని చుట్టిన కర్ర ఉంటాయి. రెండో శతాబ్దం గడిచేకొద్దీ అవి తగ్గి, నుదుటిపట్టీలు, తలగొలుసులు, పేటలు పేటలుగా హారాలు, కడియాలు, ఉంగరాలు పెరిగాయి. దీన్నిబట్టి స్త్రీలు పని మానేశారని అనలేం. ఇంటి ప్రతిష్ఠను చూపే పద్ధతి మారింది, అంతే. కొందరికి భుజం దగ్గరి పిన్నుకు తాళంచెవులు వేలాడుతుంటాయి. సమాధిలో భాగాలను స్త్రీలు కొన్నట్టు, అమ్మినట్టు శాసనాలే చెబుతున్నాయి. ఆస్తి వ్యవహారాల్లో వారి పేర్లు ఉన్నాయన్న సంగతి నగల మెరుపులో మనకు కనిపించకుండా పోతుంది.

అపోహ: అవి మొదటినుంచీ ఉత్త రాతిరంగువే.

వాస్తవం: రంగులు వేసేవారు. 1928లో డెన్మార్క్ పురావస్తు శాస్త్రవేత్త ఇంగోల్ట్ తవ్వకాల్లో బయటపడి, ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లో ఉన్న 'పాల్మైరా సుందరి' అనే స్త్రీ శిల్పం మీద ఆ ఆనవాళ్లు ఇంకా కనిపిస్తాయి. పాత రాయిని తోమి తెల్లబరచాలన్న ఉబలాటం ఉన్నవారిని అందుకే నేను శిల్పం దగ్గరికి రానివ్వను. మడతల్లో మురికిలా కనిపించేది రంగు కావచ్చు.

అపోహ: బాగుచేయడమంటే విరిగిన జాడ తెలియకుండా కప్పేయడం.

వాస్తవం: కాదు. చేసిన మరమ్మతును మళ్లీ తీయగలిగేలా ఉండాలి. ఐసిస్ ముష్కరులు పగలగొట్టిన రెండు పాల్మైరా శిల్పాలను, ఒక పురుషుడిది, ఒక స్త్రీది, రోమ్‌లో బాగుచేసి 2017లో సిరియాకు తిరిగి పంపారు. ఒకదానిలో పోయిన ముఖభాగాన్ని త్రీడీ ముద్రణతో తయారుచేసి అయస్కాంతాలతో అమర్చారు. రేపు అసలు ముక్క దొరికితే రాతికి హాని లేకుండా కొత్తదాన్ని తీసేయవచ్చు.