కార్డు కొనేముందు కంప్యూటరును అడగండి

చిరంజీవులు పెద్దవాడికీ అమ్మడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న తెచ్చిన పాత కంప్యూటరులో ఆట ఆగి ఆగి నడుస్తోందనీ, స్పీకర్లలోంచి చప్పుడే రావడం లేదనీ, గ్రాఫిక్స్ కార్డు మార్చక తప్పదని షాపాయన తేల్చేశాడనీ, ఈ ఆదివారం రావులపాలెం వెళ్ళి కొత్తది కొనిపించుకోవాలని మీరిద్దరూ పట్టుదలగా ఉన్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కొనవద్దని నేను అనను. కాకపోతే డబ్బు బయటికి తీసేముందు, ఆ యంత్రం తన గురించి తాను ఏం చెబుతోందో ఒకసారి చదవండి. అందుకు కావలసిన సాధనం విండోస్‌లోనే ఉంది. దాని పేరు డైరెక్ట్‌ఎక్స్ డయాగ్నస్టిక్ టూల్.

కీబోర్డు కింది వరుసలో ఎడమవైపు కిటికీ గుర్తు ఉన్న మీటను నొక్కి పట్టుకుని, ‘ఆర్’ మీట నొక్కండి. ‘రన్’ అనే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో డి, ఎక్స్, డి, ఐ, ఏ, జి అనే ఆరు అక్షరాలు మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటిసారి తెరిచినప్పుడు, డ్రైవర్లకు (అంటే కార్డులాంటి పరికరాలను విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాములకు) డిజిటల్ సంతకం ఉందో లేదో చూడమంటారా అని అది అడుగుతుంది. ఎస్ అంటే అవసరాన్ని బట్టి ఇంటర్నెట్‌లోకి వెళ్ళి సరిచూస్తుంది; నో అన్నా మన పనికి లోటేమీ లేదు. కిటికీ కింద ఎడమ మూల ఆకుపచ్చ పట్టీ నిండేదాకా కాస్త ఓపిక పట్టండి. ఈ సాధనాన్ని డౌన్‌లోడ్ చేసుకోమని ఏ సైటైనా చెబితే నమ్మకండి; అది సి డ్రైవులో విండోస్ ఫోల్డరు లోపలి సిస్టమ్32లో ముందునుంచే ఉంటుంది.

డైరెక్ట్‌ఎక్స్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలంలో ఆట రాసేవాళ్ళు ఒక్కొక్క రకం వీడియో కార్డుకూ, సౌండు కార్డుకూ విడివిడిగా ప్రోగ్రాము రాసుకోవలసి వచ్చేది. విండోస్ 95 వచ్చాక, ఆటకూ కార్డుకూ నడుమ ఒక ఉమ్మడి పొర ఉండాలని మైక్రోసాఫ్ట్ 1995లో దీన్ని విడుదల చేసింది. బొమ్మా శబ్దమూ కూడా ఆ పొర గుండానే నడిచేవి కనుక, దాన్ని పరీక్షించే సాధనంలో రెండింటికీ చోటు దొరికింది.

సాధనం తెరవగానే కనిపించే మొదటి పుట (ట్యాబు) సిస్టమ్. ప్రాసెసరు పేరు, మెమరీ, విండోస్ రకం అక్కడ కనిపిస్తాయి. మెమరీ దగ్గర 8192 ఎంబీ అని ఉంటే 8 జీబీ అని అర్థం. అదే పుటలో ‘డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్: డైరెక్ట్‌ఎక్స్ 12’ అని కనబడగానే మన కార్డు 12కు తగినదేనని సంబరపడకండి. అది విండోస్‌లో ఉన్న డైరెక్ట్‌ఎక్స్ సంగతి మాత్రమే. విండోస్ 10లోనూ 11లోనూ ఎంత పాత కార్డు పెట్టినా అక్కడ 12 అనే ఉంటుంది. కార్డు శక్తి తెలియాలంటే డిస్‌ప్లే పుటలో ‘ఫీచర్ లెవెల్స్’ అనే వరుస చూడాలి. మీ ఆట 12_0 కావాలని అడుగుతుంటే, ఆ వరుసలో అన్నిటికన్నా పెద్ద అంకె 11_0 మాత్రమే అయితే, అప్పుడు షాపాయన మాట నిజమేనని నేనూ ఒప్పుకుంటాను.

ఈ డిస్‌ప్లే పుట దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి. ముందుగా పేరు చూడండి. అక్కడ ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే, కార్డు ఉన్నా దానికి తగిన డ్రైవరు ఎక్కలేదని అర్థం. అలాంటప్పుడు డ్రైవరు తేదీ కూడా 2006 నాటిదిగా కనిపించవచ్చు. విండోస్ తనతోపాటు తెచ్చే డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ కావాలనే ఆ పాత తేదీ వేస్తుంది. తయారీదారు ఇచ్చే డ్రైవరు ఎప్పటిదైనా దానికన్నా కొత్తదిగా లెక్కకు వచ్చి, దానికే ముందు స్థానం దక్కాలని ఆ ఏర్పాటు. చిప్పు చేసిన కంపెనీ సైటులోంచి సరైన డ్రైవరు తెచ్చి ఎక్కిస్తే, పైసా ఖర్చు లేకుండా ఆట దారికి రావచ్చు.

పేరు దగ్గర ఇంటెల్ అనే ఉండి, పెట్టెలో మాత్రం వేరే కార్డు ఉందని అమ్మినవాళ్ళు చెప్పి ఉంటే, పెట్టె వెనక్కి వెళ్ళి మానిటరు తీగ ఎక్కడ దూర్చారో చూడండి. దాన్ని మదర్‌బోర్డు (పెట్టెలోని ప్రధాన పలక) రంధ్రంలో పెడితే బొమ్మ కంప్యూటరులోనే ఇమిడి ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్ మీదుగానే వస్తుంది, డబ్బు పోసి కొన్న కార్డు పక్కన ఊరికే కూర్చుంటుంది. ల్యాప్‌టాప్‌లలో అయితే రెండో చిప్పు ‘రెండర్’ అనే వేరే పుటలో కనిపించవచ్చు. అది మామూలే, తప్పు కాదు.

ఆ తరువాత మెమరీ లెక్క. పాత కంప్యూటర్లు కొనేవాళ్ళు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ‘మొత్తం మెమరీ సుమారు’ అనే అంకెలో రెండు భాగాలున్నాయి: డిస్‌ప్లే మెమరీ చిప్పు సొంతానిది, షేర్డ్ మెమరీ కంప్యూటరు మెమరీ (ర్యామ్) లోంచి అవసరానికి అరువు తెచ్చుకునేది. వేరే కార్డు లేని 8 జీబీ కంప్యూటరులో తరచు సొంత వాటా 128 ఎంబీయే ఉంటుంది, అరువు వాటా 4 జీబీకి దగ్గరగా ఉంటుంది. రెండూ కలిపి చూపించి ‘4 జీబీ గ్రాఫిక్స్ అండీ’ అనేవాళ్ళకు కొదవ లేదు. మీరు చూడవలసింది సొంత వాటా ఒక్కటే.

శబ్దానికి సౌండ్ పుటలున్నాయి. చప్పుడు బయటికి పంపగల పరికరాలు రెండుంటే పుటలూ రెండుంటాయి. వాటిలో ‘డిఫాల్ట్ డివైస్: ఎస్’ అన్నది ఏ పరికరం కింద ఉందో చూడండి. మానిటరును హెచ్‌డీఎంఐ తీగతో కలిపినప్పుడు విండోస్ ఒక్కోసారి శబ్దాన్ని కూడా ఆ మానిటరుకే పంపుతుంది. దానికి స్పీకర్లు లేకపోతే వినబడేదేముంది? సౌండ్ సెట్టింగులలోకి వెళ్ళి మీ స్పీకర్లను ఎంచుకుంటే సరిపోవచ్చు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఈ సాధనంలోనే పరీక్షించే బొత్తాలుండేవి, గిర్రున తిరిగే ఘనాన్ని చూపించి బొమ్మ సరిగ్గా వస్తోందా అని అడిగేది. దాని తరువాత వచ్చిన విండోస్ విస్టా నుంచి వాటిని తీసేశారు. నాకది ఇప్పటికీ నచ్చలేదు.

డిస్‌ప్లే, సౌండ్ పుటల అడుగున ‘నోట్స్’ అనే పెట్టెలో సాధారణంగా ‘నో ప్రాబ్లమ్స్ ఫౌండ్’ అని ఉంటుంది. దాన్ని చూసి అంతా బాగుందనుకోకండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గేజీ 11.75 అడుగులు చూపితే మొదటి హెచ్చరిక ఇస్తారు, కానీ గేజీ వరదను ఆపదు, లంకలో ఏ గట్టు బలహీనంగా ఉందో చెప్పదు. ఈ సాధనమూ అంతే. చిప్పు వేడెక్కిందనీ, ఫ్యానులో దుమ్ము పేరుకుందనీ, స్పీకరు తీగ వదులైందనీ దానికి తెలియదు. ఏ లోపాన్నీ అది బాగుచేయదు కూడా. ఆట మొదట బాగానే నడిచి పావుగంట తరువాత నత్తనడక పడితే, పెట్టె మూత తీయించి దుమ్ము చూడమనండి.

చివరగా, కిందనున్న ‘సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్’ బొత్తాం నొక్కితే అన్ని పుటలూ ఒకే టెక్స్ట్ ఫైలుగా దిగుతాయి. తెర మీద కనబడని డిస్కుల వివరాలు, ఈ మధ్య ప్రోగ్రాములు కుప్పకూలిన చిట్టా కూడా అందులో ఉంటాయి. కంప్యూటరు పేరు కూడా ఉంటుంది కనుక ఊరూ పేరూ తెలియనివాళ్ళకు ఇవ్వవలసి వస్తే ఆ వరుసను చెరిపేసి ఇవ్వండి. నాకు మాత్రం ఉన్నదున్నట్టుగా వాట్సాప్‌లో శనివారంలోగా పంపండి. ఆట పేరు, అది ఎంతసేపటికి తడబడుతోందో కూడా రాయండి. ఫీచర్ లెవెల్, సొంత మెమరీ రెండూ తక్కువేనని తేలితే, ఏ కార్డు అడగాలో నేనే మీ నాన్నకు రాసి పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య